ఓడ దిగి ఒక్క పూటలో ఒలింపియా, అక్రోపొలిస్ చూసి రావచ్చా? నాన్నకి 68, అమ్మకి మోకాళ్ల నొప్పులు

పెన్నా_ఒడ్డు (కోవూరు):

నమస్తే అందరికీ. మాది కోవూరు, నెల్లూరు నుంచి పెన్నా బ్రిడ్జి దాటగానే. జూలై రెండో వారంలో ఇటలీలో ఓడెక్కి ఏడు రాత్రుల క్రూయిజ్ పోతున్నాం. నేను, అమ్మ, నాన్న, జర్మనీలో ఉండే అక్క, బావ, మొత్తం ఐదుగురం. ఓడ గ్రీసులోని కటకోలోన్ (ఒలింపియాకి దగ్గరి రేవు), పైరియస్ (ఏథెన్స్ రేవు), మికొనోస్ దీవిలో ఒక్కో రోజు, తర్వాత టర్కీలోని కుషాదసిలో ఒక రోజు ఆగి మళ్లీ ఇటలీకి వస్తుంది. టికెట్లు అక్కే తీసింది కాబట్టి ఎందుకీ నెల, ఎందుకీ ఓడ అని నేను అడగలేను.

అసలు సంగతి నాన్న. ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ చెప్పాడు. నిద్రలో లేపి ఒలింపిక్ క్రీడలు మొదట ఎప్పుడు జరిగాయని అడిగినా క్రీ.పూ. 776 అంటాడు, అని మనచేత తిరిగి అప్పజెప్పించుకునేదాకా మనల్ని పడుకోనివ్వడు. ఏథెన్స్‌లో అక్రోపొలిస్ కొండ మీదున్న పార్థినాన్ గుడి బొమ్మ చాక్‌పీసుతో బోర్డు మీద ఎన్నిసార్లు గీశాడో లెక్కలేదు, కళ్లతో చూసింది మాత్రం లేదు. ఇప్పుడు ఓడ వాళ్ల కాగితం చేతికొచ్చినప్పటి నుంచి ఒలింపియా, ఏథెన్స్, డెల్ఫీ, డెలోస్, ఎఫెసస్ అన్నీ చూడాల్సిందే అంటున్నాడు. అమ్మేమో ఫోటోల్లో కనిపించే ఆ తెల్ల ఇళ్లు, నీలం తలుపులు చూస్తే చాలు, రాళ్ల మధ్య నన్ను తిప్పొద్దు అంటోంది.

ఓడ వాళ్లు అమ్మే టూర్లు ఐదుగురికి లెక్కేస్తే నాన్న నెల పెన్షన్ దాటిపోతోంది, అదీ ఒక్క రేవుకే. సొంతంగా పోతే సగానికి సగం తగ్గేట్టుంది, కానీ టైముకి తిరిగి రాకపోతే ఓడ పోతుందంట, ఆ టెన్షన్ ఒకటి. ఎవరైనా పెద్దవాళ్లని తీసుకుని పోయినవాళ్లుంటే చెప్పండి: ఎక్కడ ఓడ వాళ్లతో పోవాలి, ఎక్కడ మనమే పోవచ్చు, ఏది వదిలేస్తే బాధ ఉండదు?

ఒంగోలు_కోడలు:

పోయిన ఏడాది జూలైలోనే మా అత్తగారిని, మామగారిని తీసుకుని వెళ్లాం, కాబట్టి మీ బాధ నాకు తెలుసు. ముందు ఎండ గురించి చెప్తాను, మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. ఒంగోలు ఎండలు చూసినవాళ్లం మనకేం లెక్క అనుకున్నాం. కానీ మన రోహిణి కార్తెలో ఒక చెట్టో అరుగో దొరుకుతుంది, అక్రోపొలిస్ కొండ మీద ఏమీ లేదు. పైనుంచి ఎండ, కింద తెల్ల రాయి మీద పడి మళ్లీ మొహానికి కొట్టే ఎండ. 2023 నుంచి ఎండలు మరీ ముదిరిన రోజుల్లో మధ్యాహ్నం పూట మూసేసి సాయంత్రం 5కి తెరుస్తున్నారు. సాయంత్రం 5కి మీ ఓడ బయల్దేరడానికి సిద్ధంగా ఉంటుంది. అందుకని పైరియస్ రోజున పొద్దున 8 గంటల స్లాట్ తప్ప ఇంకేదీ తీసుకోవద్దు. ఇప్పుడు టికెట్‌కి టైము కూడా రాసి ఇస్తారు, రోజుకి 20,000 మందికి మించి పంపరు, మనిషికి 30 యూరోలు. వాళ్ల ప్రభుత్వ సైటులోనే తీసుకోండి, అచ్చం అలాగే కనిపించే వేరే సైట్లు బోలెడు.

రెండోది చెప్పులు. రెండున్నర వేల ఏళ్లుగా జనం తొక్కి తొక్కి ఆ చలువరాయి గాజులా అయింది. మా అత్తగారు కొత్త శాండిల్స్ వేసుకుని మొదటి పది మెట్లలోనే జారి కూర్చున్నారు, దెబ్బ తగల్లేదు గానీ ఆ తర్వాత ఆవిడ ఒక్క అడుగు కూడా పైకి వెయ్యలేదు. పాత స్పోర్ట్స్ షూ, అడుగు రబ్బరుది, అంతే. మడమ ఎత్తు చెప్పులైతే లోపలికి రానివ్వరు కూడా.

నడవలేనివాళ్లకి కొండ పక్కన లిఫ్ట్ ఉంది, 2020లో కొత్తది పెట్టారు. అందరికీ కాదు, అమ్మగారి పరిస్థితి ముందే చెప్పి అడగాలి. మేమేం చేశామంటే మామగారు, మా ఆయన పైకెక్కారు, నేనూ అత్తగారూ కిందనే ఉన్న అక్రోపొలిస్ మ్యూజియంకి పోయాం. నిజం చెప్పనా, నాకు మ్యూజియమే ఎక్కువ నచ్చింది. ఏసీ, కూర్చోడానికి బల్లలు, కాళ్ల కింద గాజు, ఆ గాజు కింద తవ్వి తీసిన పాత ఏథెన్స్ ఇళ్ల గోడలు. తలమీద కప్పు మోస్తున్నట్టు నిలబడ్డ ఆడవాళ్ల విగ్రహాలు పైన కొండ మీద కనిపించేవి నకళ్లు, అసలువి ఐదు ఈ మ్యూజియంలో ఉన్నాయి, ఆరోది లండన్‌లో ఉంది. పై అంతస్తు మొత్తం పార్థినాన్ ఎటు తిరిగి ఉందో అటే తిప్పి కట్టారు. అద్దంలోంచి గుడి కనిపిస్తూ ఉంటే పక్కన దాని శిల్పాలు చూడొచ్చు. మీ అమ్మగారు ఇక్కడ రెండు గంటలు హాయిగా కూర్చుంటారు.

కుషాదసిలో మాత్రం మోసపోయాం. రేవు బయట మాట్లాడుకున్న టూరు చవగ్గానే వచ్చింది, కానీ ఎఫెసస్‌లో గంట, తోలు జాకెట్ల కొట్లో గంటన్నర. జూలైలో తోలు జాకెట్ ఒంగోలుకి తీసుకెళ్లి ఏం చేసుకుంటారు ఎవరైనా? షాపింగ్ వద్దు అని డబ్బు ఇవ్వకముందే ఒప్పించుకోండి.

కావలి_డెక్:

తమ్ముడూ, నేను ఆరేళ్లు ఇట్టాంటి ఓడల్లో హౌస్‌కీపింగ్ చేశా, ఆ రేవులన్నీ ఎరుగుదును. ఓడ పోతుందా అంటే పోతుంది. ఓడ వాళ్ల టూర్ బస్సు లేటైతే ఆగుతారు, నువ్వు సొంతంగా పోయి లేటైతే ఆగరు, ఇందులో దాపరికం ఏమీ లేదు, వాళ్ల కాగితంలోనే రాసుంటుంది. రేవు గట్టు మీద ఐస్‌క్రీమ్ చేతిలో పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాళ్లని చూసి డెక్ మీద వాళ్లు చప్పట్లు కొట్టడం నేను చాలాసార్లు చూశా. మేము మెట్లు తీసేశాక వచ్చినవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లు తర్వాతి రేవుకి సొంత ఖర్చుతో విమానం ఎక్కి రావాలి.

కాబట్టి లెక్క దూరాన్ని బట్టి వేసుకో. పైరియస్ నుంచి అక్రోపొలిస్ పది, పన్నెండు కిలోమీటర్లు. కటకోలోన్ నుంచి ఒలింపియా సుమారు నలభై, ఒకటే దారి. కుషాదసి నుంచి ఎఫెసస్ ఇరవై లోపు. ఈ మూడూ మీరే పోవచ్చు, ఓడ బయల్దేరే టైముకి రెండు గంటల ముందే గట్టు మీద ఉండేట్టు చూసుకుంటే చాలు. డెల్ఫీ అంటావా, పైరియస్ నుంచి పోను రెండున్నర గంటలు, రాను రెండున్నర గంటలు. మాస్టారికి దణ్ణం పెట్టి చెప్పు, ఈసారికి వద్దని. తప్పదంటే అది ఒక్కటీ ఓడ వాళ్లతోనే పోవాలి, అప్పుడు ఏథెన్స్ వదులుకున్నట్టే.

ఇంకో చిక్కు. మీరు ఐదుగురు. గ్రీసులో మామూలు టాక్సీలో నలుగురినే ఎక్కించుకుంటారు, మన షేర్ ఆటో లెక్క కాదు. వ్యాన్ ముందే మాట్లాడుకోండి. పైరియస్ నుంచి మెట్రో కూడా ఉంది, గ్రీన్ లైన్ ఎక్కితే మోనాస్తిరాకిలో దిగొచ్చు, అక్కడికి కొండ కనపడుతుంది. కానీ ఓడ ఆగే గట్టు నుంచి మెట్రో స్టేషన్ దాకా బాగా నడవాలి, పైగా ఆ లైనులో జేబు దొంగలు ఎక్కువ. మోకాళ్ల నొప్పులమ్మతో వద్దు.

గడియారం సంగతి ఎవరూ చెప్పరు. ఇటలీ కంటే గ్రీసు గంట ముందుంటుంది. కొన్ని ఓడలు టైము మారుస్తాయి, కొన్ని మార్చవు. నీ ఫోనేమో ఒడ్డు టవర్ పట్టుకుని దానంతటదే మారుతుంది. దిగేటప్పుడు మెట్ల దగ్గర బోర్డు మీద రాసిన టైము ఫోటో తీసుకో, నాన్న చేతికి మామూలు గడియారం పెట్టి ఓడ టైముకి తిప్పి పెట్టు.

వీసా ఇంకా పెట్టకపోతే జాగ్రత్త. ఇటలీలో దిగి, గ్రీసు చూసి, టర్కీ పోయి మళ్లీ ఇటలీకొస్తే షెంజెన్‌లోకి (ఇటలీ, గ్రీసు లాంటి యూరప్ దేశాలకి కలిపి ఒకే వీసా ఉండే ప్రాంతం) అది రెండో ఎంట్రీ. సింగిల్ ఎంట్రీ ఇస్తే వచ్చేటప్పుడు ఇటలీలో దిగలేవు. మల్టిపుల్ అడుగు, ఎందుకో కవరింగ్ లెటర్‌లో ఓడ దారి మొత్తం రాయి. 30,000 యూరోల ఇన్సూరెన్స్ తప్పనిసరి. టర్కీకి మనవాళ్లకి ఈ-వీసా రావాలంటే చెల్లుబాటయ్యే షెంజెన్ లాంటి వీసా చేతిలో ఉండాలి, అంటే ముందు ఇది, తర్వాత అది. మీ ఓడకి ఏం కావాలో కంపెనీని అడిగి మెయిల్‌లో జవాబు తీసుకో, ఫోన్‌లో చెప్పింది చెల్లదు.

ఉదయగిరి_కోట:

ఒక మాట అడుగుతా, ఎవరూ ఏమీ అనుకోవద్దు. అంత ఖర్చు పెట్టి, చెమటలు కక్కుతూ పడిపోయిన రాళ్లు చూడ్డానికి అంత దూరం ఏందబ్బా? మా ఉదయగిరి కొండెక్కితే కోట గోడలు, గుళ్లు, మసీదులు అన్నీ ఉన్నాయి, ఆదివారం పోతే మేకలు కాసేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. ప్రకాశం జిల్లా చందవరంలో బౌద్ధ స్తూపం ఉంది, మాస్టారు ఎప్పుడన్నా పోయారా? పోయుంటే సంతోషం.

చీమకుర్తి_రాయి:

ఉదయగిరి అన్నా, నువ్వన్నది సగం ఒప్పుకుంటా. చందవరం నేను పోయా, గేటు తాళం వేసుంటే తాళం మనిషి కోసం గంట ఎదురుచూశా. కానీ అది చూడలేదని ఇది చూడకూడదనడం నాకు నచ్చలేదు.

నేను ఇరవై ఏళ్లుగా గ్రానైట్ పనిలో ఉన్నా. క్వారీ, కటింగ్, పాలిష్ అన్నీ చేశా. రెండేళ్ల కిందట యూరప్‌లో రాళ్ల ఎగ్జిబిషన్‌కి పోయి, అటునుంచి ఏథెన్స్ పోయి ఆ గుడి చూశా. జనమంతా ఫోటోలు తీసుకుంటుంటే నేను జాయింట్లు చూస్తూ నిలబడ్డా. ఆ చలువరాయి పెంటెలి కొండ నుంచి వచ్చింది, ఏథెన్స్‌కి పదహారు కిలోమీటర్ల దూరం. క్రీ.పూ. 447లో మొదలుపెట్టి 438కల్లా గుడి లేపారు, శిల్పాలు 432కి అయిపోయాయి. క్రేన్ లేదు, డైమండ్ వైర్ లేదు, ఎద్దుబళ్లు, తాళ్లు, కప్పీలు. పదిహేనేళ్లు! మా దగ్గర ఒక బ్లాకు పగలకుండా లారీ ఎక్కించడానికి ఎంత పూజ చేస్తామో నాకు తెలుసు.

స్తంభం ఒకటే రాయి అనుకుంటారు, కాదు. గుండ్రటి దిమ్మెలు ఒకదాని మీద ఒకటి పేర్చి నిలబెట్టారు, మధ్యలో చెక్క మేకు. రెండు దిమ్మెల మధ్య గోరు దూరదు. రాళ్లని పక్కపక్కన కలిపి ఉంచడానికి ఇనప పట్టీలు వేసి, తుప్పు పట్టకుండా చుట్టూ సీసం కరిగించి పోశారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బాగు చేసినవాళ్లు సీసం పొయ్యకుండా ఉత్త ఇనుము వేశారు. అది తుప్పు పట్టి ఉబ్బి, రెండు వేల ఏళ్లు నిలిచిన రాయిని చీల్చింది. 1975లో కమిటీ వేసి అప్పటి నుంచీ ఆ ఇనుము పీకి టైటానియం వేస్తూ వస్తున్నారు. మీరు పోయినప్పుడు పరంజా కనపడితే తిట్టుకోవద్దు, పాతవాళ్ల పని కాదు, బాగు చేసినవాళ్ల పని బాగు చేస్తున్నారు.

ఇంకోటి మాస్టారికి చూపించండి. గుడి పీఠం అంచు దగ్గర వంగి, ఒక కొస నుంచి రెండో కొసకి చూపు సారించి చూస్తే నేల చదునుగా లేదు, నడుమ ఉబ్బి ఉంటుంది. పొడుగు పక్కన పదకొండు సెంటీమీటర్ల దాకా ఎత్తు. స్తంభాలు కూడా కొంచెం లోపలికి వాలి ఉంటాయి. కావాలనే అలా కట్టారు. ఒక కొసన టోపీ పెట్టి రెండో కొస నుంచి చూస్తే టోపీ మొత్తం కనపడదు అంటారు, నేను నా క్యాప్‌తో చూద్దామంటే గార్డు విజిల్ ఊదింది.

అది కాలానికి పాడవలేదు. 1687లో తుర్కులు లోపల మందుగుండు దాచితే వెనిస్ వాళ్లు ఫిరంగితో కొట్టారు, పేలిపోయింది. మిగిలిన శిల్పాల్లో సగం దాకా ఎల్గిన్ అనే ఆయన 1801 నుంచి కోయించి లండన్ తీసుకుపోయాడు. అవి ఏ మ్యూజియంలో ఉన్నాయో అదే బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి స్తూపం పలకలు కూడా ఉన్నాయి, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి. ఏథెన్స్ మ్యూజియంలో లండన్ పోయిన ముక్కల చోట తెల్ల సున్నపు నకళ్లు పెట్టారు, అసలూ నకలూ పక్కపక్కనే. అమరావతిలో మనం అలా పెట్టామా అని అక్కడ నిలబడి అనుకున్నా.

ఇంకా మనకీ వాళ్లకీ సంబంధమే లేదనుకుంటే, పద్దెనిమిదో శతాబ్దం చివర నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలికి పాత ఇటుక కట్టడం తగిలింది, తవ్వితే చిన్న గుడి ఆనవాళ్లు, దాని కింద కుండలో రోమన్ బంగారు నాణేలు. రోమన్ చక్రవర్తులు ట్రాజన్, హేడ్రియన్ కాలంవి. అదే హేడ్రియన్ పేరుతో ఏథెన్స్‌లో కమాను ఉంది, అక్రోపొలిస్ నుంచి కిందకి చూస్తే కనపడుతుంది. పెన్నా ఒడ్డు మాస్టారికి ఇది చెప్తే డెల్ఫీ మర్చిపోతారు.

ఉదయగిరి_కోట:

నాణేల సంగతి నాకు తెలీదు. సరే, పోయి రండి. కానీ వచ్చాక మా కొండ కూడా ఎక్కాలి, మాస్టారికి మజ్జిగ నేనిస్తా.

ఒంగోలు_కోడలు:

ఒలింపియా గురించి ఎవరూ రాయలేదు, నేను చెప్తాను. మీకు నాలుగింటిలో ఒకటే చూసే వీలుంటే అదే చూడండి. చెట్లున్నాయి, నేల చాలావరకు చదును, అమ్మగారు కూడా నడుస్తారు. రెండు నదుల మధ్య ఉన్న చోటది. ఆరో శతాబ్దంలో భూకంపాలకి గ్రీకుల పెద్ద దేవుడు జ్యూస్ గుడి స్తంభాలు పడిపోయాయి, తర్వాత వరదలొచ్చి ఒండ్రు మేటవేసి మొత్తం కప్పేసింది. 1875 నుంచి జర్మనీ వాళ్లు తవ్వి తీశారు. మన చేజర్ల మండలం పెరుమాళ్లపాడులో 2020లో పెన్నా ఇసకలోంచి ఊరివాళ్లు నాగేశ్వరస్వామి గుడి తవ్వి తీశారు కదా, మా మామగారు అక్కడ నిలబడి అదే అన్నారు. పడిన స్తంభం దిమ్మెలు వరసగా పడుకుని ఉంటాయి, బిస్కెట్ ప్యాకెట్ ఒలకబోసినట్టు. ఒక్కటి మాత్రం 2004లో మళ్లీ నిలబెట్టారు.

రాతి కమాను కింద నుంచి స్టేడియంలోకి పోతే మెట్లు లేవు, గ్యాలరీ లేదు, రెండు పక్కలా గడ్డి గట్టు. జనం ఆ గట్టు మీదే కూర్చునేవాళ్లట. పరుగు మొదలుపెట్టే రాతి గీత, అందులో కాలివేళ్లు ఆనించే గాడి ఇప్పటికీ ఉంది. ఆ గీత నుంచి అటు గీత దాకా 192 మీటర్లు. పరుగెత్తని టూరిస్టు ఉండడు. పెళ్లయిన ఆడవాళ్లకి ఆటలు చూసే అనుమతి ఉండేది కాదు అని గైడ్ చెప్పగానే మా అత్తగారు కావాలని పోయి ఆ గట్టు మధ్యలో కూర్చున్నారు. మ్యూజియం మాత్రం వదలొద్దు, గ్రీకు దేవుడు హెర్మెస్ విగ్రహం అక్కడే ఉంది.

డెలోస్ వద్దు. మికొనోస్ నుంచి అరగంట పడవ, గాలి ఉంటే పడవ ఊగుడు, దీవి మీద నీడే లేదు. అమ్మగారికి ఆ రోజు ఇచ్చెయ్యండి, తెల్ల ఇళ్లు అక్కడే కదా.

పెన్నా_ఒడ్డు (కోవూరు):

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి ఇవన్నీ నాన్నకి చదివి వినిపించా. డెల్ఫీ దగ్గర కొంచెం గొడవ పడ్డాడు, నెల్లూరు నాణేల మాట రాగానే అది పక్కనపెట్టి ఎక్కడో చదివినట్టు గుర్తు అంటూ పాత ట్రంకుపెట్టె దింపించాడు. అది ఇంకా హాల్లోనే ఉంది, అమ్మ నన్ను తిడుతోంది.

ఇప్పటికి అనుకున్నది ఇదీ. ఒలింపియాకి వ్యాన్, పైరియస్‌లో వ్యాన్, 8 గంటల స్లాట్. నాన్న, నేను, బావ పైకి, అక్కా అమ్మా మ్యూజియంకి. మికొనోస్ పూర్తిగా అమ్మది. ఎఫెసస్ ఒక్కటే తేలలేదు, దూరం తక్కువే అయినా నడక ఎక్కువ అంటున్నారు. డెక్ అన్నా, అది ఓడ వాళ్లతో పోవాలా?

కావలి_డెక్:

అక్కర్లేదు. ఎఫెసస్‌కి పైన ఒక గేటు, కింద ఒక గేటు. వ్యాన్‌ని పై గేటు దగ్గర దింపమని, కింద గేటు దగ్గరకి వచ్చి ఉండమని చెప్పు. అప్పుడు దారంతా దిగుడే, అమ్మ మోకాళ్లకి దిగుడు కష్టం అయితే కర్ర ఒకటి పట్టుకురండి. దారి మధ్యలోనే సెల్సస్ లైబ్రరీ వస్తుంది, దాని ముందు భాగం 1970ల్లో పడిన ముక్కలన్నీ ఏరి మళ్లీ నిలబెట్టారు, దాని ముందు కూర్చోడానికి మెట్లున్నాయి. తర్వాత పాతిక వేల మంది పట్టే థియేటర్. తిరిగొచ్చేటప్పుడు డ్రైవర్‌ని అర్టెమిస్ గుడి దగ్గర అయిదు నిమిషాలు ఆపమను. ఏడు వింతల్లో ఒకటని మాస్టారు పిల్లల చేత బట్టీ పట్టించి ఉంటారు, ఇప్పుడక్కడ నిలబడి ఉన్నది ఒక్క స్తంభం, దాని మీద కొంగ గూడు.

పెన్నా_ఒడ్డు (కోవూరు):

సరే అన్నా, అలాగే చేస్తాం. వీసాకి మల్టిపుల్ అని రాసి లెటర్ తయారు చేశా, వచ్చే వారం హైదరాబాద్‌లో అపాయింట్‌మెంట్.

నాన్న ఇవాళ పొద్దున హైస్కూల్ గ్రౌండుకి టేపు తీసుకుపోయి, 192 మీటర్లు కొలిచి, రెండు పక్కలా సున్నం గీత గీయించి నడిచొచ్చాడు. పరుగెత్తుతాడంట అక్కడ. అమ్మ నీళ్ల సీసా పట్టుకుని కంచె అవతలే నిలబడింది, లోపలికి రమ్మంటే ముందు అక్కడ రానిస్తారో లేదో కనుక్కోమంటోంది. వ్యాన్ రేటు తెలిశాక మళ్లీ రాస్తా.